తెర కింద నడిచే అక్షరాలు

అక్టోబర్ 29, 2012, సోమవారం

విత్తనాల షాపు వాళ్లిచ్చిన డైరీ ఇది. జనవరి నుంచి బీరువా మీద ఊరికే పడి ఉంది. ప్రతి పేజీ అడుగున ఒక పురుగుమందు పేరు అచ్చేశారు. పైన నేను నవ్వుకున్నా ఏడ్చుకున్నా కింద ఆ మందు పేరు కదలకుండా ఉంటుంది. అచ్చం మా చానల్ లాగే. పైన హీరోయిన్ ప్రాణాలు విడుస్తుంటే కింద నేను కొట్టిన చీరల షాపు ప్రకటన నడుస్తూ ఉంటుంది.

మాట్లాడే మనిషి లేక రాస్తున్నాను. అత్తమ్మ ఉంది గానీ ఆమెతో మాట్లాడటమంటే సంజాయిషీ ఇచ్చుకోవడమే. ఆయన పొద్దున్నే నిచ్చెన, వైరు చుట్ట బండి మీద వేసుకొని పోయి, కోదాడ స్తంభాలన్నీ ఎక్కి దిగి మధ్యాహ్నం అన్నానికి వస్తాడు. తిని మళ్లీ పోతాడు. నేను కంట్రోల్ రూమ్‌లో ఉంటాను. పేరు మాత్రం గొప్పగానే ఉంది. మా ముందు గదే అది. మిషన్లకు ఎండ తగలకూడదని కిటికీకి అట్ట కొట్టేశారు. లోపల కూర్చుంటే పొద్దున్నో మధ్యాహ్నమో గోడ గడియారం చూసి తెలుసుకోవాలి.

వేరే ఊళ్లలో సినిమాలన్నీ కంప్యూటర్‌లో వరసపెట్టి వదిలేస్తారట. మా కంప్యూటర్ ముసలిది, స్క్రోలింగ్ అక్షరాలు మోయడానికే దానికి ఆయాసం. కాబట్టి సినిమా డిస్కులో, డిస్కు నా చేతిలో. రెండున్నర గంటలకొకసారి మార్చాలి. మార్చకపోతే కోదాడ నుంచి మునగాల దాకా టీవీలన్నీ నీలంగా అయిపోతాయి, కేబుల్ నరేష్ అని పేరుపడ్డ మా ఆయన పరువు పోతుంది. పెళ్లై ఎనిమిదేళ్లు. ఎనిమిదేళ్లలో తెర నీలం కానివ్వలేదు. అమ్మ పోయిన రోజు కూడా పెన్‌పహాడ్ పోయి, మట్టి వేసి, సాయంత్రం సినిమాకల్లా వచ్చి కూర్చున్నాను.

వచ్చే వారం నాయిన దగ్గరికి పోయి వస్తాను. గొర్రెల మందతో మునగాల దగ్గరే ఉన్నాడు. బస్సెక్కితే అరగంట.

నవంబర్ 3, శనివారం

మూడు రోజులుగా ఒకటే వాన. మునగాల అవతల చెరువు అలుగు పోస్తున్నదని మా లైన్‌మన్ ఫోన్ చేశాడు. చీరల షాపు తీసేసి ఇది కొట్టాను: "హెచ్చరిక. పల్లపు చేలలో ఉన్నవారు మందలను, పశువులను తీసుకొని వెంటనే ఎత్తైన చోటుకు వెళ్లండి."

ఎవర్నడిగి తీశావని ఆయన గొణిగాడు. ఈ వానలో చీరలెవరు కొంటారంటే నవ్వి ఊరుకున్నాడు.

నవంబర్ 5, సోమవారం

నాయిన ఫోన్ చేశాడు. ఆయన చిన్న ఫోన్‌కు ఎప్పుడూ చార్జింగ్ ఉండదు. మునగాల రోడ్డు మీద యాదమ్మ టీ హోటల్లో పెట్టుకుంటాడు. ఆమె ఏడో తరగతి దాకా చదువుకుంది.

"బిడ్డా, నువ్వు టీవీల రాసినవంట గదా, యాదమ్మ సదివి చెప్పింది. గప్పటికప్పుడే మందను మెరకకు తోలిన. పక్కన ఆత్మకూరోళ్ల మంద కదల్లే. ఇరవై జీవాలు నీళ్లల్ల కొట్టుకపోయినయ్."

"మంచిగైంది నాయినా. ఎవలు రాస్తే ఏంది, నువ్వు ఇన్నవ్."

"ఎవలు రాస్తే ఏందంటవేందే? నా బిడ్డ రాసింది. మన తొంభై జీవాలు బతికినయ్."

ఈ రోజంతా చాలా సంతోషంగా ఉంది. డిస్కు మార్చడానికి లేచినప్పుడల్లా అద్దంలో చూసుకున్నాను. నేను కొట్టినదాన్ని ఒక్కరైనా చదువుతారని నాకు ఇన్నేళ్లుగా తెలియదు.

నవంబర్ 20, మంగళవారం

ఎక్కడ చూసినా లోకం అంతమయ్యే ముచ్చటే. డిసెంబర్ 21న అంతా అయిపోతుందని హైదరాబాద్ చానళ్లలో పంతుళ్లు, సైంటిస్టులు పక్కపక్కన కూర్చుని పోట్లాడుకుంటున్నారు. ఆదివారం పేపర్లో ఒక సీరియల్ వస్తోంది. లోకం కాలిపోతే ముప్ఫైమంది నేల కింద సొరంగంలో బతుకుతుంటారు. అత్తమ్మ దాన్ని వదలకుండా చదువుతోంది. ఆ ముప్ఫైమందికీ వంట ఎవరు చేస్తున్నారో రచయిత ఇంతవరకు రాయలేదు. నేనైతే మొదటి వారంలోనే రాసేదాన్ని. ఆయన ఫోన్‌లో ఒక ఆట కూడా ఉంది. లోకంలో ఒక్కడే మిగిలి ఉంటాడు, కట్టెలు ఏరుకోవాలి, డబ్బాలు వెతుక్కోవాలి. నేను పదకొండు రోజులు బతికించాను. పన్నెండో రోజు డిస్కు అయిపోయింది, మార్చి వచ్చేసరికి చలికి చచ్చిపోయాడు.

ఆయన మిర్యాలగూడ నుంచి ఒక సంచెడు డబ్బింగ్ డిస్కులు తెచ్చాడు. మంచు కప్పేది, నిప్పు కురిసేది, రోగం వచ్చేది. అన్నింటిలోనూ ఒకటి గమనించాను. ఊళ్లకు ఊళ్లు పోతాయి గానీ హీరోయిన్ జుట్టు చెదరదు. ఇంకోటి, మిగిలినవాళ్లలో ఒక్కరికీ అత్త ఉండదు.

ఒక్క సినిమా మాత్రం మూడుసార్లు చూశాను. పేరు గుర్తులేదు, నేను ఉప్పు సినిమా అంటాను. సముద్రం ఎండిపోయి ఎటు చూసినా ఉప్పే. ఒడ్డున రేడియో గదిలో ఒకామె ఒంటరిగా ఉంటుంది. రోజూ మైకు ముందు కూర్చుని, ఎక్కడ నీళ్లున్నాయో ఏ దారిలో పోకూడదో చెబుతుంది. వినేవాళ్లు ఉన్నారో లేదో ఆమెకు తెలియదు. చివరి దాకా తెలియదు. సినిమా అలాగే అయిపోతుంది. ఇదేం సినిమా అని ఒకాయన ఫోన్ చేసి తిట్టాడు. నేను మాత్రం బాగా ఏడ్చాను.

నవంబర్ 27, మంగళవారం

సినిమాల వాళ్లకు తెలియదు గానీ మా ఇంట్లో ఇంతకంటే పాత కథ ఉంది. చిన్నప్పుడు ఏటా వినేదాన్ని. నాయిన తాతల కాలంలో రోగం వచ్చి పెన్‌పహాడ్ చుట్టుపక్కల జీవాలన్నీ కుప్పకూలిపోయాయట. దాని గురించి నాయిన చెప్పే తీరే వేరు.

"మందలు మందలే ఖతం. పీకి పారేయనీకె మనుషుల్లేరు. గప్పుడు ఎవడో ఒకడు గట్టెక్కి కేకేసిండు. రోగమొస్తున్నది, ఇడిసిపెట్టి పోండ్రి అని. వాని మాట ఎవ్వలినలే. మా తాత ఒక్కడే ఇన్నడు. ఒక్క ఆడపిల్లను భుజాన ఏసుకొని కిష్ట ఒడ్డుదాక నడిసిండు. నా మందల ఉన్న నల్లచెవుల జీవాలన్ని గా ఒక్కదాని కడుపే బిడ్డా."

ఆడపిల్ల అంటే గొర్రెపిల్ల. కేకేసినోడు ఎవడని అడిగితే నాయిన ఎప్పుడూ ఒకటే మాట అనేవాడు. "వాని పేరు ఎవలికి ఎరుక లేదు. చెప్పినోడు చెప్పిపోయిండు. మనం బతికినం."

డిసెంబర్ 3, సోమవారం

నాయిన దగ్గరికి పోలేదు. వచ్చే వారం.

డిసెంబర్ 14, శుక్రవారం

ఆయనకు ఒక ఆలోచన వచ్చింది. రేపటి నుంచి వారం రోజులు యుగాంతం వారం. రోజుకు నాలుగు ప్రళయం సినిమాలు.

"వాళ్లు హైదరాబాద్‌లో కూర్చుని భయపెడుతుంటే మనం కోదాడలో భయపెట్టలేమా? షాపులవాళ్లంతా ప్రకటనలిస్తామంటున్నారు. నువ్వొక మంచి హెచ్చరిక కొట్టు, నిజంలాగా ఉండాలి" అన్నాడు.

నేనూ హుషారుగానే కూర్చున్నాను. అబద్ధం ఎందుకు, నాకూ సరదా వేసింది. "హెచ్చరిక. వచ్చే శుక్రవారం యుగాంతం. ఇంట్లోనే ఉండి మన చానల్ చూడండి" అని కొట్టాను. చాలా పొట్టిగా ఉంది. నవంబర్‌లో వానప్పుడు కొట్టింది ఫైల్లోనే ఉంది. కొత్తగా కొట్టడం ఎందుకని దాన్ని తెచ్చి మధ్యలో అతికించాను. పల్లపు చేలు, మందలు, పశువులు, ఎత్తైన చోటు, అంతా అలాగే ఉంది. ఆయన చదివి పడీపడీ నవ్వాడు. "గొర్రెల్ని కూడా వదల్లేదు చూడు" అన్నాడు. అత్తమ్మ కూడా నవ్వింది. చాలా రోజులకు ముగ్గురం కలిసి నవ్వుకున్నాం.

డిసెంబర్ 17, సోమవారం

పొద్దున నాయిన ఫోన్.

"బిడ్డా, తయారుగుండు. బేస్తవారం తెల్లారంగనే మందను లేపుతున్న. గట్టు మీదికి పోతం."

గట్టు అంటే సూర్యాపేట దగ్గరి దురాజ్‌పల్లి గుట్ట. మా గొల్లల దేవుడు లింగమంతులు ఉండేది అక్కడే. జాతర రెండేళ్లకొకసారి మాఘమాసంలో అవుతుంది. ఇంకా రెండు నెలలుంది. ఇప్పుడెందుకని అడిగాను.

"ఎందుకంటవేందే? నువ్వే రాసినవ్ గదా. పోయినసారి రాసిన ముక్కే. పల్లంల మందలున్నోళ్లు మెరకకు పోవాలని. యాదమ్మ రెండుమార్లు సదివింది. శుక్రారం ఉన్నదంటే బేస్తవారం పొద్దుగూకేవరకు గట్టెక్కాలె. డొంకల పడి పోతే రెండు దినాలు. పెద్దరోడ్డున పోతే ఒక్కదినమే."

పెద్దరోడ్డంటే కొత్తగా నాలుగు వరసలు వేసిన హైవే. మధ్యలో గోడ, పక్కన కంచె. ఎక్కిన మంద దిగడానికి దారి ఉండదు.

"నాయినా, అది నిజం కాదే. సినిమా కోసం ఉత్తగ రాసిన. తమాషాకు రాసిన."

గొంతు తగ్గించి అడిగాడు. "నీ పెనిమిటి పక్కకున్నడా?"

"ఉన్నడు. ఉంటే ఏంది?"

"గదే. ఆయన ముంగట గట్లనే అంటవ్ లే. నువ్వు ఫోన్ల ఏమన్నా అను, రాసింది రాసిందే. నా బిడ్డ అబద్ధం రాయది."

డిసెంబర్ 18, మంగళవారం

ఆయన్ను అడిగాను. ఆ ఒక్క ముక్క తీసేస్తానన్నాను. నాయిన నమ్మాడని, తొంభై జీవాలతో హైవే ఎక్కుతానంటున్నాడని చెప్పాను.

"మీ నాన్న ఊరికే అంటాడే. పెద్దాయన, మాట వరసకు అన్నాడు. వారం అంతా ఇదే హెచ్చరిక నడుస్తుందని షాపులవాళ్లకు మాటిచ్చాను. శుక్రవారం దాకా ముట్టుకోకు" అన్నాడు. కోపంగా కూడా అనలేదు. కోపంగా అంటే నేనూ నాలుగు మాటలు అనేదాన్ని.

మళ్లీ నాయినకు చేశాను. దేవుని మీద ఒట్టు పెట్టాను. "సరే బిడ్డా, సరే" అన్నాడు. ఆ సరే నాకు తెలుసు. అమ్మ మందులు వేసుకొమ్మంటే కూడా అలాగే అనేవాడు.

ఫోన్లో చెబితే నమ్మడు. అక్షరాల్లో చెబితేనే నమ్ముతాడు. ఆయనకు రాని అక్షరాల్లో.

డిసెంబర్ 19, బుధవారం

ఆయన, అత్తమ్మ మిర్యాలగూడ పోయారు, ఆడపడుచు ఇంట్లో పురుడు. రేపు సాయంత్రం వస్తారు. కంట్రోల్ రూమ్ జాగ్రత్త అని మూడుసార్లు చెప్పారు.

నాయిన పోడు. పొలంలో మంద పెడతానని ఆసామికి మాటిచ్చాడు. ఇంకా పది రోజులు ఆ పొలంలోనే మంద పడుకోవాలి, ఎరువు పడాలి. నాయిన మాట తప్పే మనిషి కాదు.

మునగాల పోయి కూర్చుంటే ఆగుతాడు. పోతే ఇక్కడ తెర నీలమవుతుందని భయం. అరగంట పోను, అరగంట రాను, మధ్యలో ఒక గంట. ఒక్క డిస్కంత సమయం. లేచి చెప్పులు కూడా వేసుకున్నాను. ఆటో సప్పుడైతే ఆయనే తిరిగొచ్చాడనుకొని విప్పేశాను. ఎవరో పక్కింటికి వచ్చారు.

పోడు.

అదే రోజు సాయంత్రం

పోడు. పోయేవాడైతే ఈపాటికి మళ్లీ ఫోన్ చేసేవాడు.

డిసెంబర్ 20, గురువారం

పొద్దున తొమ్మిదిన్నరకు షాపులన్నీ తీసేశాను. హెచ్చరిక తీసేశాను. ఇది ఒక్కటే పెట్టాను: "మునగాలలో మంద దగ్గరున్న గట్టయ్యకు. లోకం మునగదు. అది సినిమా ముచ్చట. మందను కదిలించకు. నీ బిడ్డ యశోద."

ఊరంతా చదివినా సరే. నడుస్తోంది. యాదమ్మకు ఫోన్ చేస్తున్నాను, తీయడం లేదు.

డిసెంబర్ 23, ఆదివారం

రాయాలి. రాయకపోతే రేపు నేనే దీన్ని మార్చి గుర్తుపెట్టుకుంటాను.

ఆ గురువారం యాదమ్మ పదిగంటలకు ఫోన్ తీసింది. "అవ్వో, మీ నాయిన మొకం తెల్లారక ముందుగాలే మందను లేపిండు గదనే. నువ్వు రాసింది ఇప్పుడే చూస్తున్న. ఎవలికి సదవాలె?" అంది.

ఆగకుండా ఇంకో మాట కూడా చెప్పింది. ఆమె మామూలుగానే చెప్పింది. నాయిన రోజూ పొద్దున వచ్చి నిలబడి "నా బిడ్డ ఏం రాసింది" అని అడుగుతాడట. కోత మొదలైన కాడి నుంచి ఒక్కరోజు తప్పలేదట. ఆమె చీరల షాపు, సిమెంటు, బోర్ల రిపేరు, నల్లా నీళ్ల టైము అన్నీ వరసపెట్టి చదువుతుంది. చదవడం అయిపోయాక "మంచిగున్నది బిడ్డ" అని టీ తాగి పోతాడట. సిమెంటు ప్రకటన విని నేను బాగున్నానని తెలుసుకునేవాడు.

ఫోన్ పెట్టేసి బయటికి నడిచాను. డిస్కు సగంలో ఉంది. దాన్ని చూడలేదు. తలుపుకు గొళ్లెం కూడా పెట్టినట్టు లేను. సూర్యాపేట బస్సెక్కాను.

మునగాల దాటిన కాసేపటికి బస్సు ఆగిపోయింది. ముందు లారీలు, కార్లు బారుగా ఉన్నాయి. ఎవరో గొర్రెల మంద అన్నారు. దిగి పరిగెత్తాను. ఒక కంటైనర్ లారీ అడ్డం తిరిగి ఉంది. మధ్య గోడకూ లారీకీ నడుమ పద్నాలుగు జీవాలు పడి ఉన్నాయి. తర్వాత లెక్కపెడితే పద్నాలుగు. అప్పుడు ఎన్నో తెలియలేదు. మిగతా మంద గోడ వారన ఒకదానిమీద ఒకటి ఎక్కి అరుస్తోంది. అటు దూకలేవు, ఇటు దిగలేవు.

నాయిన గోడకు ఆనుకొని కూర్చున్నాడు. ఒడిలో నల్లచెవుల గొర్రె. వెనక కాలు విరిగింది. ఆయనకు మోచెయ్యి గీసుకుపోయింది తప్ప ఏమీ కాలేదు. నన్ను చూసి లేవబోయాడు.

"వచ్చినవా బిడ్డా. వస్తవని నాకు ఎరుకే."

నేను నోరు తెరిచాను. నా వల్లే నాయినా, నేనే, అని చెప్పడానికే తెరిచాను. ఆయన ఆపాడు.

"ఏడ్వకు. శుక్రారం అన్నవ్, ఒక్కదినం ముంగటనే వచ్చింది, గంతె. రావాల్సిన గండం వచ్చింది, కొద్దిల పోయింది. నువ్వు చెప్పకపోతే పల్లంలనే ఉంటుంటిమి. తొంభైకి తొంభై పోతుండె. నేను గూడ పోతుంటి. నువ్వు చెప్పబట్టి గివన్న మిగిలినయ్."

చుట్టూ చేరిన డ్రైవర్లు తలలూపారు. ఒకాయన నాకు నీళ్ల సీసా ఇచ్చాడు. నేను తాగాను. ఇంకేం చేయాలో తెలియక తాగాను.

ఏమని చెప్పాలి? నువ్వు ఉత్త పుణ్యానికి చంపుకున్నావని చెప్పాలా? పద్నాలుగు జీవాలు ఒక ఫైల్లోంచి తెచ్చి అతికించిన ముక్కకు పోయాయని చెప్పాలా? చెబితే నా బరువు దిగుతుంది. దిగి ఎవరి మీద పడుతుందో కూడా చూడాలి కదా.

చెప్పలేదు.

డిసెంబర్ 24, సోమవారం

తెర నాలుగు గంటలు నీలంగా ఉందట. ఎనిమిదేళ్ల భయం అది. ఎన్ని ఫోన్లు వచ్చాయని చూస్తే మూడు. ఒకటి మిర్యాలగూడ నుంచి ఆయనది. మిగతా రెండు నంబర్లకు తిరిగి చేశాను. ఒకటి తప్పు నంబర్. మూడోది ఒక ముసలామె. సీరియల్ ఎప్పుడొస్తదని అడిగి, పెట్టేసింది.

ఆయన గురువారం సాయంత్రం రుసరుసలాడుతూనే వచ్చాడు. మామ పేరు టీవీలో తిప్పుతావా, ఊళ్లో ఏమనుకుంటారని మొదలుపెట్టాడు. జరిగింది విని మధ్యలోనే ఆపేశాడు. శుక్రవారం పొద్దున బండేసుకొని మునగాల పోయి, ఇద్దరు మనుషులను పెట్టి గుంత తవ్వించి వచ్చాడు. నాయిన ఆయనతో కూడా అదే చెప్పాడట. "నీ పెండ్లాం చెప్పబట్టి బతికినం అల్లుడా" అని. ఆయన నాకు ఈ మాట చెప్పి, తల వంచుకొని అన్నం కలుపుకుంటూ కూర్చున్నాడు. తినలేదు.

స్క్రోలింగ్‌లో గట్టయ్య పేరును ఆయనే తీసేశాడు. చీరల షాపు మళ్లీ నడుస్తోంది.

డిసెంబర్ 31, సోమవారం

లోకం ఉంది. రెండున్నర గంటలకొకసారి డిస్కు మారుస్తున్నాను.

ఇప్పుడు ఏ అక్షరం కొట్టాలన్నా భయమేస్తోంది. నల్లా ఆరుగంటలకని కొట్టి, మున్సిపాలిటీకి ఫోన్ చేసి నిజమేనా అని అడుగుతున్నాను. వాళ్లు విసుక్కుంటున్నారు. రోజూ పొద్దున ఎనిమిదికి ఒక మనిషి యాదమ్మ హోటల్లో నిలబడి వింటున్నాడని వాళ్లకేం తెలుసు? ఉప్పు సినిమాలో ఆమెకు వినేవాళ్లున్నారో లేదో తెలియదు. అది అదృష్టం. అప్పుడు ఏడ్చింది దండగ.

ఫిబ్రవరి 17, 2013, ఆదివారం

డైరీ అయిపోయింది. వెనక నోట్సు పేజీల్లో రాస్తున్నాను. ఇక్కడ కూడా అడుగున పురుగుమందు ఉంది.

ఈ రోజు మునగాల పోయాను. నిన్న ఆయన్ను అడిగాను. అడగడం కాదు, పోతున్నానని చెప్పాను. "ఒక్కరోజేగా, నేను కూర్చుంటాలే" అన్నాడు. ఇంత తేలికైన మాట ఇన్నేళ్లు ఆయన గొంతులోనే ఉంది. నేనూ ఇన్నేళ్లు అడగలేదు.

నాయినకు నిజం చెప్పాలని పోయాను. రెండు నెలలుగా కూడగట్టుకున్నాను. ఆ గురువారం పొద్దున కొట్టిన నాలుగు ముక్కలను కాగితం మీద రాసి పర్సులో పెట్టుకున్నాను కూడా. లోకం మునగదు, మందను కదిలించకు అని నేను రాశాను నాయినా, ఆలస్యమైంది, దానికి ముందు రాసింది అబద్ధం, అని వరసగా చెప్పాలని బస్సులో నాలుగుసార్లు అనుకున్నాను.

యాదమ్మ హోటల్ దగ్గర నాయిన ఉన్నాడు. జాతరకు పోయే మా వాళ్లు పదిమంది దాకా టీలు తాగుతున్నారు. నల్లచెవుల గొర్రె పక్కనే కట్టేసి ఉంది. కాలుకు వెదురు బద్దలు కట్టి అతికించాడు. కుంటుతోంది గానీ నిలబడుతోంది. చూలుతో ఉందట. నాయిన వాళ్లకు కథ చెబుతున్నాడు. మొదట తాత కథ అనుకున్నాను. రోగం, గట్టు, భుజాన గొర్రెపిల్ల, కృష్ణ ఒడ్డు. అది అయిపోగానే ఊపిరి తీసుకోకుండా రెండోది ఎత్తుకున్నాడు.

"గది మా తాత కాలం. ఇగ నా కాలంల లోకమంతా ఖతమైతదని దినం గూడ పెట్టిండ్రు. ఎవలికన్న తెలిసిందా? తెల్వలే. నా బిడ్డకు తెలిసింది. గీ టీవీల రాసింది."

మందిలోంచి ఒకాయన "ఏం రాసింది మామా?" అని అడిగాడు.

నాయినకు అక్షరాలు రావు, మాటలు కూడా పూర్తిగా గుర్తులేవు. చుట్టూ చూసి నన్ను పట్టుకున్నాడు. ముఖమంతా వెలిగింది.

"అగో, నా బిడ్డనే వచ్చింది. గప్పుడు ఏం రాసినవ్ బిడ్డా? జర వీళ్లకు చెప్పు."

పదిమందీ నా వైపు తిరిగారు. యాదమ్మ కూడా టీ గిన్నె పట్టుకొని నిలబడిపోయింది. ఆమెకు రెండూ తెలుసు. మొదట రాసిందీ, తర్వాత రాసిందీ ఆమె చదివింది.

పర్సు మీద చెయ్యి ఉంది. కాగితం లోపలే ఉంది. అప్పుడు నాకు ఆ పాత కథలో కేకేసిన మనిషి గుర్తొచ్చాడు. పేరు ఎవరికీ తెలియదు. గట్టెక్కి తమాషాకే కేకేశాడేమో. నవ్వుకుంటూ దిగొచ్చి, కూలిపోయిన మందలను చూశాక ఇక నోరు విప్పలేకపోయాడేమో. పేరు చెప్పుకోకుండా పోయింది అందుకేనేమో. నా పేరు మాత్రం కథలో ఉండిపోయింది. నాయిన చెప్పేశాడు. ఇంకో యాభై ఏళ్లు ఏటా ఎవరో ఒకరు చెబుతారు.

"పల్లంల ఉన్నోళ్లు మందను తీసుకొని మెరకకు పోండ్రి, అని రాసిన నాయినా" అన్నాను.

"ఇన్నరా!" అన్నాడు నాయిన.

అందరూ తలలూపారు. యాదమ్మ నాకు టీ ఇచ్చింది. నాయిన కథ మళ్లీ అందుకున్నాడు, లారీ దగ్గరికి వచ్చాడు. గొర్రె గడ్డి నములుతోంది. పైన టీవీలో మా చానల్ వస్తోంది, కింద అక్షరాలు నడుస్తున్నాయి. కథ మధ్యలో ఆపి నాయిన అటు చూశాడు.

"ఇయ్యాల ఏం రాసినవ్ బిడ్డా?"

"రేపు పొద్దుగాల ఆరుగంటలకు కోదాడల నల్లా వస్తదని."

"వస్తదా?"

ఈ రోజు కొట్టింది నేను కాదు, ఇంటి దగ్గర కూర్చున్న మా ఆయన. మున్సిపాలిటీకి ఫోన్ చేసి ఉండడు.

"వస్తది నాయినా" అన్నాను.